రకాబ్‌గంజ్ గురుద్వారా పార్లమెంటు పక్కనే ఉంది, ఒకసారి నడిచి వెళ్లండి: అరవై మంది తెలుగు ఎంపీలకు బహిరంగ లేఖ

లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల తరఫున కూర్చునే 42 మందికీ, రాజ్యసభలోని 18 మందికీ నమస్కారం.

నేను హైదరాబాద్ ఓటర్ని. ఉద్యోగం కోసం కొంతకాలం ఢిల్లీలో ఉండి వచ్చినవాణ్ని. ఈ ఉత్తరం ఏ ఒక్క పార్టీని ఉద్దేశించీ రాయడం లేదు. మీ అందరికీ కలిపి రాస్తున్నాను. అడిగేవి రెండే. శీతాకాల సమావేశాలు మొదలయ్యే రోజున, 1984 నవంబరులో ఢిల్లీలోనూ ఇతర చోట్లా చంపేసిన సిక్కుల కోసం ఉభయ సభలూ లేచి నిలబడి మౌనం పాటించేలా స్పీకర్‌నీ, రాజ్యసభ చైర్మన్‌నీ కోరండి. అలాగే, ఇలాంటి మూకుమ్మడి హత్యాకాండను ప్రత్యేక నేరంగా గుర్తించే ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని సభ్యులు పెట్టేది) ఒకటి మీలో ఎవరో ఒకరు పెట్టండి. తెలుగువాళ్లకెందుకీ గొడవ అని మీకు అనిపించవచ్చు. ఆ సంగతికే వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

కార్తీక పౌర్ణమి రోజు మీ ఖాతాల నుంచి రెండు శుభాకాంక్షలు వస్తుంటాయి. దీపాల ఫోటోతో ఒకటి, గురునానక్ బొమ్మతో ఇంకొకటి. సిక్కులకు అది గురుపురబ్, అంటే గురునానక్ జయంతి, వాళ్ల క్యాలెండర్‌లో అన్నిటికంటే పెద్ద పండుగల్లో ఒకటి. హైదరాబాద్‌లో ఆ రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కీర్తనలు జరుగుతాయి. మీలో కొందరిని నేనక్కడ చూశాను. తలకు కాషాయం రుమాలు కట్టుకుంటారు, నిర్వాహకులు మెడలో సిరోపా అనే గౌరవ వస్త్రం వేస్తారు, మైకు ఇస్తారు. సిక్కుల ధైర్యం గురించీ, సరిహద్దుల్లో వాళ్ల సేవ గురించీ, లంగర్ అనే ఉచిత భోజనం గురించీ నాలుగు మంచి మాటలు చెప్తారు. అవతల బారులు తీరి నేల మీద కూర్చున్న జనానికి రొట్టెలు వడ్డిస్తుంటారు. అక్కడ రొట్టె కంచంలో వేయరు, రెండు చేతులూ కలిపి చాపితే అందులో పెడతారు. కలెక్టరైనా కూలీవాడైనా చేతులు చాపాల్సిందే. మీరూ చాపారు, ఫోటోగ్రాఫర్ తీశాడు, మర్నాడు పేపర్లో వచ్చింది. వెళ్లడం మంచిదే, తప్పేం లేదు. కానీ ఏ ఏడాదీ ఆ నాలుగు మాటల్లో 1984 అనే అంకె నాకు వినబడలేదు.

ఆ ఏడాది గురుపురబ్ నవంబరు 8న వచ్చింది. మనకు మామూలు కార్తీక పౌర్ణమి. గుళ్లలో 365 వత్తులు వెలిగించుకున్నాం, ఉపవాసాలున్నాం. ఢిల్లీలో మాత్రం వేల మంది సిక్కులు శ్యామ్‌లాల్ కాలేజీలో, ఫర్ష్ బజార్‌లో, ఇంకా అలాంటి సహాయ శిబిరాల్లో నేల మీద పడుకుని ఉన్నారు. గురుపురబ్‌కు ముందు మామూలుగా తెల్లవారుజామునే కీర్తనలు పాడుతూ వీధి వీధీ తిరుగుతారు, దాన్నే ప్రభాత్ ఫేరీ అంటారు. ఆ ఏడాది ఆ వీధుల్లోనే టైర్ల మసి ఇంకా ఆరలేదు.

జరిగింది క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మీలో సగం మంది అప్పటికి స్కూల్లో ఉన్నారు, కొందరు పుట్టలేదు కూడా. అక్టోబరు 31 ఉదయం ప్రధాని ఇందిరా గాంధీని ఆమె ఇంట్లోనే ఇద్దరు సిక్కు అంగరక్షకులు కాల్చి చంపారు. అదే సాయంత్రం ఎయిమ్స్ పరిసరాల్లో సిక్కుల మీద దాడులు మొదలయ్యాయి. రాష్ట్రపతి జైల్ సింగ్ వాహనాల మీద కూడా రాళ్లు పడ్డాయి. అంతవరకు అది కోపం అనుకోవచ్చు. నవంబరు 1 తెల్లారాక జరిగింది వేరు. మూకలు బస్సుల్లో వచ్చాయి. వాళ్ల చేతుల్లో ఇనప రాడ్లు, కిరోసిన్ డబ్బాలు, ఏ ఇల్లు సిక్కులదో చెప్పే ఓటర్ల జాబితాలు ఉన్నాయి. మెడలో టైరు వేసి నిప్పంటించడం అన్ని పేటల్లోనూ ఒకే పద్ధతిలో జరిగింది. ఆత్మరక్షణకు కత్తులు పట్టుకున్న సిక్కులను పోలీసులే ఇళ్లకు పంపించి, తర్వాత కనబడకుండా పోయారు. నీళ్లలో విషం కలిపారనీ, పంజాబ్ నుంచి శవాల రైళ్లు వస్తున్నాయనీ పుకార్లు. సైన్యం వీధుల్లో నిజంగా పట్టు సాధించేసరికి నవంబరు 3. ప్రభుత్వం వేసిన అహూజా కమిటీ లెక్క ప్రకారమే ఒక్క ఢిల్లీలో 2,733 మంది చనిపోయారు. కాన్పూర్, బొకారో, హర్యానాలోని హోంద్-చిల్లర్ గ్రామం ఈ లెక్కలోకి రావు.

అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్నది యమునకు అవతల ఉన్న త్రిలోక్‌పురి, అందులోనూ 32వ బ్లాకు. అక్కడి సిక్కులు చాలామంది నులక మంచాలు అల్లుకుని బతికే పేదవాళ్లు. ఎమర్జెన్సీలో నగరం మధ్య గుడిసెలు కూల్చి విసిరేసినవాళ్ల కోసం కట్టిన కాలనీ అది. ఇందిరా గాంధీ హత్యతో వాళ్లకేం సంబంధం? పంజాబ్‌తోనే సరిగ్గా సంబంధం లేని కుటుంబాలు కొన్ని. బతికిన ఆడవాళ్లకూ పిల్లలకూ తర్వాత పశ్చిమ ఢిల్లీలోని తిలక్ విహార్‌లో ఇళ్లిచ్చారు. ఇప్పటికీ దాన్ని విధవల కాలనీ అనే పిలుస్తారు. అక్కడి గురుద్వారాలో ఒక గది ఉంది. గోడల నిండా చనిపోయినవాళ్ల ఫోటోలు. స్టూడియోలో నిటారుగా నిలబడి దిగినవి, గుంపు ఫోటోలోంచి ఒక్క ముఖాన్ని కత్తిరించి పెద్దది చేయించినవి, పెద్దది చేయడంతో చుక్కలు చుక్కలుగా చెదిరిపోయినవి. ఒక్కో వరుసలో ఒకే ముక్కు, ఒకే కళ్లు కనబడతాయి. తండ్రి, బాబాయి, పెద్దకొడుకు. చిన్నకొడుక్కి జుట్టు కత్తిరించి, గౌను తొడిగి ఆడపిల్లలా కూర్చోబెడితే బతికాడు. ఆ నాలుగు రోజులూ ఎన్నో ఇళ్లలో అలాగే జరిగింది.

ఇక రకాబ్‌గంజ్. ఇది మీకు బాగా తెలిసిన చోటే. పార్లమెంటు పక్కనే ఉంటుంది, బంగారు కలశాల తెల్లటి గురుద్వారా. కారెక్కాల్సిన పని కూడా లేదు. 1675లో ఔరంగజేబు ఆజ్ఞతో చాందినీ చౌక్‌లో తొమ్మిదో గురువు తేగ్ బహాదూర్ తల నరికించినప్పుడు, మొండేన్ని రహస్యంగా తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టి, ఎవరికీ అనుమానం రాకుండా ఇంటికే నిప్పుపెట్టి దహనం చేసినవాడు లఖీ షా వంజారా అనే వర్తకుడు. ఆ ఇల్లున్న చోటే ఇప్పుడు రకాబ్‌గంజ్ గురుద్వారా. బంజారాలు ఆయన్ని తమ పెద్దగా చెప్పుకుంటారు. తెలంగాణలో తండాల ఓట్లతో గెలిచినవాళ్లకు ఈ పేరు ప్రత్యేకంగా గుర్తు చేస్తున్నాను.

ఆ గురుద్వారానే 1984 నవంబరు 1న మూక గంటల తరబడి చుట్టుముట్టింది. ఇద్దరు సిక్కులను సజీవంగా కాల్చేసింది. దేశానికి చట్టాలు చేసే భవనానికి పిలిస్తే పలికే దూరంలో, పోలీసుల కళ్ల ముందే జరిగింది. 2017 జనవరిలో అదే ఆవరణలో సచ్ దీ కంధ్ అనే స్మారక గోడ కట్టారు. చనిపోయినవాళ్ల పేర్లు దాని మీద చెక్కారు. కట్టింది ఢిల్లీ సిక్కు గురుద్వారా కమిటీ. పార్లమెంటు దగ్గర ఆ చావులకున్న గుర్తు అదొక్కటే. బాధితులే కట్టుకున్నారు, బాధితులే దండలు వేసుకుంటున్నారు.

సిక్కులకు గుర్తుపెట్టుకోవడం ఎలాగో ఎవరూ నేర్పక్కర్లేదు. రోజూ చేసే అర్దాస్ ప్రార్థనలోనే రంపాలతో కోయించుకున్నవాళ్లనూ, చక్రాలకు కట్టి తిప్పితే ప్రాణం వదిలినవాళ్లనూ, అంగాంగం తెగినవాళ్లనూ తలచుకుంటారు. ఐదో గురువు అర్జన్ దేవ్‌ను 1606 ఎండాకాలంలో లాహోర్‌లో కాలుతున్న పెనం మీద కూర్చోబెట్టి చిత్రహింసలు పెట్టారని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. ఆ రోజును వాళ్లెలా పాటిస్తారో తెలుసా? మండుటెండలో రోడ్డు మీద నిలబడి, దారినపోయే వాళ్లందరికీ చల్లటి తీపి పాలనీళ్లు పోస్తారు. దాన్ని ఛబీల్ అంటారు. మతం అడగరు. హైదరాబాద్‌లో కూడా చూసుంటారు. 1984లో ఆ వర్ధంతి జూన్ 3న వచ్చింది. స్వర్ణ దేవాలయం యాత్రికులతో నిండి ఉన్న ఆ రోజుల్లోనే లోపల సాయుధులైన సిక్కు తీవ్రవాద నేత భింద్రన్‌వాలే మనుషులు, బయట సైన్యం. ఆపరేషన్ బ్లూస్టార్ అనే ఆ సైనిక చర్య గురించి ఎంతైనా వాదించుకోవచ్చు. ఆ యాత్రికులకు ఆ వాదనతో పనిలేదు. అందుకే జూన్ మొదటి వారం సిక్కు ఇళ్లలో ఛబీల్, సంతాపం రెండూ కలిసే వస్తాయి.

2024లో ఇంకో సంగతి జరిగింది. మనకు దీపావళి ఎలాగో, గ్వాలియర్ కోట నుంచి ఆరో గురువు హర్‌గోవింద్ 52 మంది రాజులను విడిపించుకుని వచ్చిన బందీ ఛోడ్ దివస్ వాళ్లకలాగ. ఆ ఏడాది అది సరిగ్గా నవంబరు 1న పడింది, ఢిల్లీ హత్యాకాండకు 40 ఏళ్లు నిండిన రోజు. పండుగ చేసుకోవాలా, మానాలా? అమృత్‌సర్‌లోని సిక్కుల అత్యున్నత మత పీఠం అకాల్ తఖ్త్ మధ్యేమార్గం చెప్పింది. విద్యుత్ దీపాల అలంకరణ హర్‌మందిర్ సాహిబ్‌కూ (స్వర్ణ దేవాలయం), అకాల్ తఖ్త్‌కూ మాత్రమే. మిగతా సిక్కులందరూ తమ ఇళ్లలో, సంస్థల్లో నెయ్యి దీపాలు మాత్రం పెట్టుకోండి అంది. నాకు ఆ నిర్ణయం చాలా నచ్చింది. పండుగను రద్దు చేయలేదు, చనిపోయినవాళ్లను పక్కకు నెట్టలేదు. ఒక మతసంస్థ చేయగలిగింది అది. రాజ్యం చేయాల్సింది ఇంకా మిగిలే ఉంది.

రాజ్యానికి తేదీలు పెట్టడం తెలియక కాదు. 2021లో ఆగస్టు 14ను దేశ విభజన విషాద స్మృతి దినంగా ప్రకటించారు. 2022 జనవరిలో, పదో గురువు చిన్న కొడుకుల బలిదానం గుర్తుగా డిసెంబరు 26ను వీర్ బాల్ దివస్ చేశారు. 2024 జులైలో ఎమర్జెన్సీ పెట్టిన జూన్ 25కు కూడా ఒక పేరు పెట్టారు. మొఘలుల సర్హింద్ నవాబు చేసినదానికి ఒక తేదీ ఉంది, విభజనకు ఒకటుంది, ఎమర్జెన్సీకి ఒకటుంది. స్వతంత్ర భారతదేశపు రాజధానిలో, మన పోలీసుల సమక్షంలో, మన పౌరులు మన పౌరులను చంపిన నవంబరు 1కి లేదు. (అవతలి పార్టీకి నొప్పి పుట్టించే తేదీలే ప్రతి పార్టీకీ ముద్దు అనే అనుమానం నాకు ఎప్పటినుంచో ఉంది. నవంబరు 1 విషయంలో మరి అదైనా ఎందుకు జరగలేదో!) నేను సెలవు అడగడం లేదు, దినోత్సవమూ అడగడం లేదు. సభ లేచి నిలబడటం ఒక్కటే అడుగుతున్నాను. ఆగస్టులో సభ నడుస్తుంటే హిరోషిమా, నాగసాకి మృతుల కోసం మీరు లేచి నిలబడతారు. 2001 దాడిలో ప్రాణాలిచ్చిన సిబ్బందికి ఏటా డిసెంబరు 13న పూలు పెడతారు. రెండూ గొప్ప ఆనవాయితీలు. మూడోదానికి స్థలం లేకపోలేదు.

2005 ఆగస్టులో ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో సిక్కులకే కాదు, దేశమంతటికీ క్షమాపణ చెబుతున్నానన్నారు, సిగ్గుతో తల దించుకుంటున్నానన్నారు. ఈ హత్యల మీద వేసిన నానావతి కమిషన్ నివేదిక మీద చర్చలో వచ్చిన మాట అది. పెద్ద మాటే. కానీ అది ఒక ప్రధాని మాట. సభ తరఫున ఏటా చేసే పని వేరు.

రెండో కోరిక చట్టం. మీ అసలు ఉద్యోగం.

ఢిల్లీలో నమోదైన 587 ఎఫ్‌ఐఆర్‌లలో దాదాపు 240 కేసులను నిందితులు దొరకలేదంటూ మూసేశారు, సుమారు 250 కేసుల్లో నిర్దోషులుగా విడిచిపెట్టారు. త్రిలోక్‌పురి ఉన్న కల్యాణ్‌పురి పోలీసు స్టేషన్‌లో వందల హత్యలను కలిపి ఒకే ఎఫ్‌ఐఆర్‌లో కుక్కారు. ఎవరు ఎవరిని ఎక్కడ చంపారో విడదీయడం తర్వాత ఏ కోర్టు వల్లా కాలేదు. త్రిలోక్‌పురికి సంబంధించిన ఒక అప్పీలు మీద 2018 నవంబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. 95 శవాలు దొరికిన కేసది. నిందితుల్లో ఒక్కరి మీద కూడా హత్యానేరం మోపలేదు. అల్లరి చేశారు, ఇళ్లు తగలబెట్టారు, కర్ఫ్యూ ఉల్లంఘించారు, అంతే.

అదే ఏడాది డిసెంబరు 17న జస్టిస్ మురళీధర్, జస్టిస్ వినోద్ గోయల్ ధర్మాసనం పాలం కాలనీ రాజ్‌నగర్‌లో ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురి హత్య కేసులో మాజీ ఎంపీ సజ్జన్ కుమార్‌కు జీవిత ఖైదు వేసింది. అప్పటికి 34 ఏళ్లయింది. 2025 ఫిబ్రవరిలో, సరస్వతీ విహార్‌లో తండ్రీకొడుకులను చంపిన కేసులో ఆయనకు మరో జీవిత ఖైదు పడింది. 2018 తీర్పును మీలో లాయర్లైనా ఒకసారి పూర్తిగా చదవండి. రాజకీయ నేతల అండతో, పోలీసుల సహకారంతో జరిగే ఇలాంటి మూకుమ్మడి హత్యలకు మన శిక్షాస్మృతిలో పేరు లేదనీ, మానవత్వంపై నేరం, జాతి నిర్మూలన అనే రెండూ మన దేశీయ చట్టంలో లేవనీ, ఈ లోపాన్ని వెంటనే సరిదిద్దాలనీ ఆ తీర్పు రాసింది. ఢిల్లీతో ఆగకుండా 1993 ముంబై, 2002 గుజరాత్, 2008 కంధమాల్, 2013 ముజఫర్‌నగర్‌లను కూడా అదే వరుసలో పెట్టింది.

తర్వాత ఏం జరిగింది? శిక్షాస్మృతిని మొత్తం మార్చే అవకాశమే మీకు వచ్చింది. 2023 డిసెంబరులో భారతీయ న్యాయ సంహిత ఆమోదించారు, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో కులం, మతం లాంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చేసే హత్యకు విడిగా ఒక ఉపసెక్షన్ పెట్టారు. మంచి మార్పు. కానీ అది చంపినవాణ్ని పట్టుకుంటుంది. ఓటర్ల జాబితా పంచినవాణ్నీ, బస్సులు సమకూర్చినవాణ్నీ, ఫోన్ వచ్చినా కదలని అధికారినీ పట్టుకునే ప్రత్యేక సెక్షన్ ఇప్పటికీ లేదు. జాతి నిర్మూలన నిరోధక అంతర్జాతీయ ఒప్పందాన్ని భారత్ 1959లోనే ఆమోదించింది. దానికి తగ్గట్టు చట్టం చేసుకుంటామని ఆ ఒప్పందంలోనే మాటిచ్చాం. 2014 ఫిబ్రవరిలో మతహింస నిరోధక బిల్లు రాజ్యసభలో ప్రవేశపెట్టకుండానే ఆగిపోయింది. ఆ బిల్లులో రాష్ట్రాల హక్కులను లాక్కునే అంశాలున్నాయన్న అభ్యంతరం నాకూ సబబుగానే అనిపించింది. అయితే దాన్ని సరిచేసి మళ్లీ తేవాలి కదా, అటకెక్కించి ఊరుకుంటే ఎట్లా?

ఇక, తెలుగువాళ్లమే ఎందుకు అడగాలి?

1984 జులై నుంచి ఆ ఏడాది చివరిదాకా కేంద్ర హోం మంత్రి పాములపర్తి వెంకట నరసింహారావు. ఢిల్లీ పోలీసులు ఆ శాఖ కిందే ఉంటారు. దాడులు మొదలైన ఆ సాయంత్రం, తర్వాత ప్రధాని అయిన ఐ.కె. గుజ్రాల్ ఆయన్ని కలిసి వీలైనంత త్వరగా సైన్యాన్ని పిలవమన్నారనీ, ఆ మాట విని ఉంటే ఆ మారణకాండ తప్పేదేమోననీ 2019 డిసెంబరులో మన్మోహన్ సింగ్ బహిరంగంగానే అన్నారు. ఆయన పీవీ మంత్రివర్గంలోనే ఆర్థిక మంత్రిగా చేసిన మనిషి, శత్రువు కాడు. ఆ మాటలకు పీవీ కుటుంబం బాధపడింది. ఆ రాత్రి నిర్ణయాలన్నీ ప్రధాని కార్యాలయమే చేతుల్లోకి తీసుకుందనీ, హోం మంత్రిని పక్కన పెట్టారనీ పీవీ వైపు వాదన. ఏది ఎంత నిజమో ఈ ఉత్తరంలో తేల్చలేను. కానీ పీవీ శతజయంతిని ఏడాది పొడవునా జరుపుకున్నాం, 2024లో భారతరత్న వస్తే మిఠాయిలు పంచుకున్నాం, ఆర్థిక సంస్కరణలు మనవాడివి అని ఛాతీ విరుచుకున్నాం. విరుచుకోవాల్సిందే. అయితే 1991 మనదైనప్పుడు 1984 మాత్రం ఢిల్లీవాళ్లది అంటే కుదరదు.

ఇంకోటి. ఆ హత్యలు జరిగిన రెండు నెలల్లోపే ఎన్నికలొచ్చాయి. దేశమంతా సానుభూతి గాలి వీస్తే ఇక్కడ ఎన్టీఆర్ తెలుగుదేశం 30 సీట్లు గెలిచి, ఎనిమిదో లోక్‌సభలో అన్నిటికంటే పెద్ద ప్రతిపక్షమైంది. ఒక ప్రాంతీయ పార్టీకి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. అంటే ఢిల్లీ సిక్కుల తరఫున ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన మొదటి కుర్చీలు తెలుగువాళ్లవే. ఆనాటి సభా చర్చల రికార్డులు పార్లమెంటు లైబ్రరీలో ఉంటాయి. తెలుగుదేశం సభ్యులు వాటిని తెప్పించుకుని చూడాలని నా మనవి. మీ పెద్దలు ఏం అడిగారో, ఏం అడగలేదో మీకే తెలుస్తుంది.

పైగా సిక్కులు మనకు పరాయివాళ్లేం కాదు. 1832లో నిజాం కాలంలో పంజాబ్ మహారాజా రంజిత్ సింగ్ పంపిన లాహోరీ ఫౌజు అనే సిక్కు దళం హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయింది. అత్తాపూర్ సిఖ్ ఛావనీలో ఇప్పుడున్నది ఆ సైనికుల వారసులే. దక్కనీ ఉర్దూ, తెలుగు రెండూ ఇంట్లో మాట్లాడతారు, సంక్రాంతికి గాలిపటాలు ఎగరేస్తారు. 1708లో గురు గోవింద్ సింగ్ కన్నుమూసిన నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. అక్కడి గోదావరే కందకుర్తి మీదుగా బాసరకు వస్తుంది. మరో గురుద్వారా ఉన్న బీదర్ కూడా అదే రాష్ట్రంలోది. 1988 సెప్టెంబరులో ఆ బీదర్‌లోనే చదువుకోడానికి వచ్చిన సిక్కు విద్యార్థులను మూకలు చంపాయి. హైదరాబాద్‌కు బస్సులో మూడు నాలుగు గంటల దూరం. ఆ సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు?

మీరు చెప్పబోయే అభ్యంతరాలు కొన్ని ఊహించగలను. పంజాబ్‌లో ఖలిస్తానీ తీవ్రవాదులు హిందువులను బస్సుల్లోంచి దించి చంపలేదా అంటారు. చంపారు. 1983 అక్టోబరులో ధిల్వాన్ దగ్గర, 1987 జులైలో లాల్‌రూ దగ్గర. వాళ్లకోసం కూడా సభ నిలబడితే నేను చప్పట్లు కొడతాను. కానీ ధిల్వాన్‌లో తుపాకీ పట్టినవాడి పాపం త్రిలోక్‌పురిలో మంచం అల్లుకునేవాడి నెత్తిన పడదు. పాత గాయాలు రేపడం దేనికి అంటారు. గాయం పాతబడిందని తిలక్ విహార్‌కు వెళ్లి అక్కడి ఆడవాళ్లకు చెప్పగలిగితే నాతో చెప్పండి.

కాంగ్రెస్ సభ్యులకు ఇది ఇబ్బందికరమని తెలుసు. మీలో ఎవరూ ఆనాటి మూకలో లేరు, కానీ "పెద్ద చెట్టు కూలినప్పుడు భూమి కాస్త కంపిస్తుంది" అన్న మాట 1984 నవంబరు 19న మీ నాయకుడు రాజీవ్ గాంధీ నోటి నుంచే వచ్చింది. ముందుగా లేచి ఈ మౌనం అడిగేది మీరైతే దాని బరువే వేరు. బీజేపీ సభ్యులారా, టీవీ చర్చల్లో 2002 మాట రాగానే మీవాళ్లు 1984 అంటారు, 1984 అనగానే అవతలివాళ్లు 2002 అంటారు. రెండు వైపులా చచ్చినవాళ్లు పేకముక్కలైపోయారు. ఆ ఆటలో మాత్రం ఈ ఉత్తరాన్ని వాడకండి. నేనడిగే చట్టం వస్తే రెండింటికీ, రేపు జరగబోయేదానికీ అదే వర్తిస్తుంది. మజ్లిస్, వైఎస్సార్‌సీపీ, బీఆర్ఎస్, జనసేన సభ్యులకు పెద్దగా అడ్డంకులున్నాయని నేననుకోను.

ఇక పని సంగతి. ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టాలంటే మామూలుగా నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. శుక్రవారం మధ్యాహ్నాలే వాటికి సమయం. ఆ వేళకు సభలో పట్టుమని యాభై మంది ఉండరని, అంతా సాయంత్రం ఫ్లైటుకు సర్దుకుంటుంటారని నాకు తెలుసు. బిల్లు నెగ్గదనీ తెలుసు. ప్రవేశపెడితే చాలు, ముసాయిదా రికార్డుకెక్కుతుంది, చర్చకు వస్తే ప్రభుత్వం ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. ముసాయిదాకు న్యాయశాస్త్రం తెలిసినవాళ్ల సాయం కావాలంటే హైదరాబాద్‌లోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. మౌనం పాటించమన్న కోరికకు అది కూడా అక్కర్లేదు, స్పీకర్‌కు ఒక ఉత్తరం చాలు. అరవై సంతకాలుంటే మరీ మంచిది. తెలుగులో మాట్లాడాలనుకుంటే ముందుగా చెబితే అనువాదకులను పెడతారు.

రకాబ్‌గంజ్‌కు వెళ్లేటప్పుడు సిబ్బందినీ, కెమెరాలనూ బయటే ఉంచి వెళ్లండి. చెప్పులు జోడా ఘర్‌లో ఇస్తే టోకెన్ ఇస్తారు. రుమాలు తీసుకెళ్లకపోయినా ఫరవాలేదు, గేటు దగ్గర బుట్టలో ఉంటాయి. గోడ దగ్గర తొందరపడకుండా ఓ పది పేర్లైనా చదవండి. లంగర్ ఎలాగూ ఉంటుంది.

ఈ ఉత్తరం ప్రతులు అరవై మందికీ విడివిడిగా పోస్టు చేస్తున్నాను. మీకు ఇది చేయడం ఇష్టం లేకపోతే ఆ మాటే కారణంతో సహా రాయండి. ఏ పార్టీ నుంచి ఎవరు జవాబిచ్చారో, ఎవరు ఇవ్వలేదో తర్వాతి గురుపురబ్ నాడు నాంపల్లి మైదానంలో అడిగినవాళ్లకు చెప్తాను.

ఇట్లు,
హైదరాబాద్ ఓటరు